నాలుగు లైన్లు రాయనంటున్నాడు, ఏం చేయాలి? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌ల్లో సగానికి పైగా అయిదేళ్లలోపు పిల్లల గురించే. ఊళ్లు వేరైనా అందరి టెన్షన్ ఇంచుమించు ఒకటే: ఎప్పుడు చూసినా ఆటే, ఇక నేర్చుకునేదెప్పుడు అని. నేను ఇరవై రెండేళ్లు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా జడ్చర్ల, దేవరకద్ర, మక్తల్ వైపు ఊళ్లు తిరిగినదాన్ని, డాక్టర్‌ను కాదు, కాబట్టి డాక్టర్ చూడాల్సిన సంగతి వచ్చిన చోట ఆ మాటే చెప్తాను. రాసినవాళ్ల పేర్లు తీసేశాను, ఉత్తరాలు కొంచెం కుదించాను.

ప్రశ్న: అక్కా, మా బాబుకు మూడున్నరేళ్లు. జూన్‌లో నర్సరీలో వేశాం. రోజూ నాలుగు లైన్లు హోంవర్క్ ఇస్తారు, వీడు ఒక్క లైన్ కూడా రాయడు. పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకుని రెండు గీతలు గీకి విసిరేస్తాడు. ఎదురింటి పాపది వీడి ఈడే, వంద దాకా అంకెలు రాస్తుంది. వీడికేమో ఎంతసేపూ ఆటే. రెండు దెబ్బలేసి కూర్చోబెట్టినా అయిదు నిమిషాలు ఉండడు. వెనకబడిపోతాడేమోనని భయంగా ఉంది. (ఒక తల్లి, మిర్యాలగూడ)

జవాబు: ముందు ఆ దెబ్బలేయడం ఆపమ్మా, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ వాడు మొండికేసి రాయకపోవడం కాదు, వాడి చేతికి ఇంకా చేతకావడం లేదు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడున్నరేళ్ల పిల్లవాడి చేతికి ఎక్స్‌రే తీస్తే వాటిలో సగానికి పైగా కనిపించనే కనిపించవు, ఎందుకంటే అవి ఇంకా ఎముకగా గట్టిపడలేదు, మెత్తగానే ఉన్నాయి. అలాంటి చేతికి సన్నటి పెన్సిల్ ఇచ్చి, రెండు గీతల మధ్య అక్షరం పట్టించమంటే పిడికిలి బిగించక ఏం చేస్తాడు? బలం ముందు భుజానికి, తర్వాత మోచేతికి, ఆ తర్వాతే వేళ్లకు వస్తుంది. చెట్టెక్కడం, బంతి విసరడం, బకెట్టులో సగం నీళ్లు మోయడం లాంటివన్నీ రాతకు ముందు జరగాల్సిన పనులే, మనం వాటికి ఆట అని పేరు పెట్టి లెక్కలోంచి తీసేశాం, అంతే.

ఎదురింటి పాప సంగతి. వంద దాకా రాయడం మంచిదే, కాదనను. కానీ ఒకసారి ఆ పాపను పిలిచి, వంటింట్లోంచి ఆరు చెంచాలు తెచ్చిపెట్టమని అడిగి చూడండి. తెస్తే సంతోషం. నేను తిరిగిన ఊళ్లలో వంద దాకా గడగడా ఒప్పజెప్పే పిల్లలను ఆరు చింతగింజలు తీసివ్వమంటే గుప్పెడు తీసి నా చేతిలో పోసేవాళ్లు. ఆరు అనే మాట నోటికొచ్చింది, ఆరు అంటే ఎన్నో చేతికి తెలియలేదు. అదే వామనగుంటల ముందు కూర్చున్న పిల్ల ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేసుకుంటూ పోతుంది కదా, దానికి ఆరో గింజ ఎక్కడ పడుతుందో వేయకముందే తెలుసు.

ఇంట్లో ఏం చేయాలంటే, వాడి చేతికి పిండి ముద్ద ఒకటి ఇవ్వండి. మీ మిర్యాలగూడ వైపు అన్నమే ఎక్కువ కాబట్టి చపాతీ పిండి అనుకోండి, మా పాలమూరులో అయితే జొన్నరొట్టె. మా అమ్మ రొట్టె కొట్టేటప్పుడు పక్కనే మా చిన్నోడికి నిమ్మకాయంత ముద్ద ఇచ్చేది. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు, నొక్కగానే అంచు పగులుతుంది. వాడు వేలు తడి చేసుకుని ఆ పగులును అతికేవాడు, ఇటు అతికితే అటు పగిలేది, మళ్లీ అతికేవాడు. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, పావుగంట కదలకుండా. మీరు అయిదు నిమిషాలు కూర్చోడంటున్న వయసే అది. చివరికి వాడి రొట్టె ఒక పక్క మందంగా, ఒక పక్క చిల్లు పడి, పెనం మీద మాడేది, వాడే తినేవాడు. చలికాలంలో అనపకాయలు వొలిచేటప్పుడు నాలుగు కాయలు వాడి ముందు పెట్టండి, బొటనవేలు, చూపుడువేలు కలిపి కాయ కొస గిల్లి ఈనె లాగడమంటే పెన్సిల్ పట్టుకునే పట్టే అది. గింజలు నోట్లో పెట్టుకోకుండా పక్కన మీరుండాలి. నీళ్లలో ముంచిన బ్రష్‌తో గోడకు రంగేసే ఆట, గచ్చు మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద సున్నాలు కూడా ఇదే పని చేస్తాయి.

ఇక బడి. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటుంది, అంతకుముందు మూడేళ్లు ఆటపాటలతోనే నడవాలంటుంది. 2022 అక్టోబరులో మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం జాతీయ పాఠ్యప్రణాళిక వచ్చింది, దానికీ ఆటే పునాది. అంటే నర్సరీలో నాలుగు లైన్లు రాయించడం ఈ పద్ధతి కాదు, ఫీజు కట్టిన మనమే పుస్తకం నిండిందా అని చూస్తాం కాబట్టి బడివాళ్లు నింపిస్తున్నారు. టీచర్‌తో గొడవ పడొద్దు. "మా వాడికి ఇంకా చేయి తిరగడం లేదు మేడమ్, ఈ ఏడాది రాతపని వద్దు, బొమ్మలు గీయిస్తాం" అని నెమ్మదిగా చెప్పండి. మీరే ముందు అడిగితే చాలామంది టీచర్లు ఒప్పుకుంటారు, పాపం వాళ్లకూ అదే నయం. ఒకవేళ మీ వాడు రాతే కాదు, మెట్లెక్కడానికి, గిన్నె మీద గిన్నె పెట్టడానికి కూడా ఇబ్బంది పడుతున్నాడనిపిస్తే మాత్రం పిల్లల డాక్టర్‌కు చూపించండి.

ప్రశ్న: పాపకు ఎనిమిది నెలలు. మా అన్న వాకర్ కొనిస్తానంటున్నాడు, అందులో కూర్చోబెడితే తొందరగా నడక వస్తుందట. తీసుకోమంటారా? (దేవరకొండ)

జవాబు: వద్దు. వాకర్‌లో పిల్ల నడవదు, మునివేళ్లతో నేలను తన్నుకుంటూ జారుతుంది. దానివల్ల నడక త్వరగా రాకపోగా ఆలస్యమయ్యేదే ఎక్కువ. కెనడాలో 2004 నుంచి వాటిని అమ్మడమే నిషేధం, మెట్ల మీంచి పడి తలలు పగిలాయని. మా పెద్దోడికి నేనూ కొన్నాను, తెలియక. గడప దగ్గర గీర తట్టుకుని బోర్లా పడ్డాడు, పెదవి చిట్లింది, ఆ సాయంత్రమే వాకర్ అటకెక్కింది. వడ్రంగి చేసే మూడు గీరల చెక్కబండి వేరు, అది నిలబడి తోసేది, తన బరువు తనే మోసుకుంటుంది పిల్ల. నిలబడడం వచ్చాక, పక్కన మనిషి ఉండగా అది ఇవ్వొచ్చు. ఇప్పటికైతే చాప మీద బోర్లా వేసి, గిన్నె ఒకటి జానెడు దూరంలో పెట్టండి. అన్న ముచ్చట తీరాలంటే మంచి చాప కొనివ్వమనండి.

ప్రశ్న: అమ్మా, నేను చెప్తుంటే పక్కింటి పిల్ల రాస్తున్నది. కొడుకు, కోడలు పూణెకు బిల్డింగ్ పనికి పోయారు. మనవరాలిని మా దగ్గర విడిచిపెట్టారు, రెండేళ్లు నిండినయి. మేమిద్దరం ముసలోళ్లం, చెలకకు పోవాలి, వంట చేసుకోవాలి. ఫోన్ ఇస్తే గమ్మున కూర్చుంటుంది, లేకుంటే ఏడుపు. అయిదారు మాటలు తప్ప రావు. ఫోన్ వల్లనే మాటలు వస్తలేవని ఊళ్లో అంటున్నారు, నిజమేనా? (ఒక నాయనమ్మ, కోస్గి దగ్గర పల్లె)

జవాబు: అవ్వా, ఈ జవాబు కూడా ఆ పిల్లతోనే చదివించుకో. మా అవ్వను నువ్వు అనే పిలిచేదాన్ని, నిన్నూ అట్లాగే పిలుస్తున్నాను, ఏమీ అనుకోకు.

నీ తప్పేం లేదు. పాలమూరు నుంచి బొంబాయి, పూణె, హైదరాబాద్ పనులకు పోవడం తరాల నుంచి ఉన్నదే, ఇంటి దగ్గర పిల్లలను పెంచింది నీలాంటి అవ్వలే. అప్పుడు ఫోన్ లేదు, అంతే తేడా.

ఊళ్లోవాళ్ల మాట సగం నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఏమంటే, రెండేళ్లలోపు పిల్లలకు ఫోను, టీవీ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజు మొత్తం మీద గంట దాటొద్దు, ఎంత తగ్గిస్తే అంత మంచిది. ఫోన్‌లో మాటలకు కొదవ లేదు, కానీ అది ఆగదు. పిల్ల ఏదో అంటుంది, ఫోన్ దానికి జవాబు చెప్పదు, తన పాట తను పాడుకుంటూ పోతుంది. పిల్లకు మాట వచ్చేది తన మాటకు ఎవరో ఒకరు బదులిచ్చినప్పుడే.

అందుకు నువ్వు పని ఆపి కూర్చోవాల్సిన పని లేదు. చెలకకు పోయేటప్పుడు దారిలో బర్రె కనిపించింది. "అగో, బర్రె" అను. అని, ఆగు. మనసులో అయిదు లెక్కపెట్టు. ఈ ఆగడమే కష్టం, మనం ఆగం, వెంటనే మనమే ఇంకో మాట అనేస్తాం. పిల్ల "బయ్యె" అంటుంది, లేదా వేలు చూపిస్తుంది, లేదా ఊరికే నీ మొహం చూస్తుంది. ఏం చేసినా అది జవాబే. "అవును, నల్ల బర్రె, దాని దూడేది?" అని నువ్వు ఇంకొంచెం కలుపు. "బయ్యె కాదు, సరిగ్గా అను" అని దిద్దకు. అన్నం తినేటప్పుడు, నీళ్లు పోసేటప్పుడు ఇదే. రోలు దగ్గర కూర్చుంటే ఉల్లిగడ్డను గంప కింద దాచి ఎక్కడుంది అని అడుగు, తాతను తువ్వాల ముసుగేసుకుని దొంగాట ఆడమను. కనపడనిది లేకుండా పోలేదని ఆ ఆట పిల్లకు గుర్తుచేస్తుంది. అమ్మా నాయనా కళ్ల ముందు లేని పిల్లకు అది ఇంకా అవసరం.

ఫోన్ ఒక్కరోజులో గుంజుకోకు, ఏడ్చి నీ ప్రాణం తీస్తుంది. అన్నం దగ్గర, పడుకునే ముందు ముందుగా బంద్ చెయ్యి. వీడియో కాల్ మాత్రం ఈ లెక్కలోకి రాదు, అవతల మనిషి ఉంది, ఆగుతుంది, బదులిస్తుంది. కోడలికి చెప్పు, ఫోన్‌లో ఏడవొద్దు, "తిన్నవా, పడుకున్నవా" అనే మాటలతోనే పెట్టేయొద్దు, "నీ గాజులు చూపించు, కోడిపిల్ల ఏది" అని అడగమను. అప్పుడు పిల్ల లేచి ఉరుకుతుంది, తెచ్చి చూపిస్తుంది, అక్కడే మాటలు పుడతాయి.

ఇంకో మాట, ఇది వాయిదా వేయకు. రెండేళ్లకు పిల్లలు "అవ్వా రా", "నీళ్లు కావాలి" అని రెండు మాటలు కలుపుతారు. అయిదారు మాటలే అంటే ఒకసారి చెవులు పరీక్ష చేయించాలి. సరిగ్గా వినపడకపోతే మాట రాదు కదా. వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుందా, కావాల్సింది వేలితో చూపిస్తుందా, ఇంతకుముందు వచ్చిన మాటలు పోయాయా, ఇవి గమనించి అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పు. ఆర్‌బీఎస్‌కే అని, పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం, ఆ డాక్టర్ల బండి ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వస్తుంది, కానీ దాని కోసం ఆగకు, టీచర్‌తో మాట్లాడి జిల్లా ఆస్పత్రికి పోండి. "మా వాడికీ మూడేళ్లకే మాటలొచ్చాయి, ఏం కాదు" అని చెప్పేవాళ్లు దొరుకుతారు. వాళ్ల మాట నిజం కావచ్చు, అయినా పరీక్ష చేయించు.

ప్రశ్న: మాది పల్లికాయ పంట. కాయ వొలిచే రోజుల్లో ఇరవై నెలల బాబు ఆ కుప్పలోనే ఆడతాడు, కాయలు డబ్బాలో వేస్తాడు, తీస్తాడు. చాలా ఇష్టం వాడికి. ఆడనివ్వొచ్చా? (వనపర్తి)

జవాబు: ఆ ఆట బంగారం లాంటిది, ఆ వస్తువే ప్రమాదం. వేయడం, తీయడం, డబ్బా గలగలా ఊపడం ఆ వయసుకు ఎంత కావాలో అంత కావాలి, కాయల బదులు గుప్పిట్లో పట్టని పెద్ద ఉల్లిగడ్డలో, మొక్కజొన్న కంకులో, గుడ్డ ఉండలో ఇవ్వండి. పల్లీ గింజ నాలుగేళ్లు దాటేదాకా చేతికి అందనివ్వొద్దు. పిల్లల గాలిగొట్టం సన్నగా ఉంటుంది, నమిలే దవడపళ్లు పూర్తిగా రావు, నవ్వుతూ ఉరుకుతూ ఉండగా గింజ లోపలికి జారితే ఊపిరితిత్తుల దాకా పోయి అక్కడే ఉబ్బుతుంది. సీతాఫలం గింజలు, చింతగింజలు, పుట్నాలు, రిమోట్‌లో ఉండే గుండ్రటి బిళ్ల బ్యాటరీలు, వీటన్నిటిదీ అదే కథ. ఆ బ్యాటరీ అయితే మరీ ఘోరం, గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలుస్తుంది.

ఎప్పుడైనా ఇరుక్కుంటే: పిల్లవాడు గట్టిగా దగ్గుతున్నాడంటే దగ్గనివ్వండి, కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. దగ్గలేక, ఏడవలేక, పెదాలు నల్లబడుతుంటే ముందుకు వంచి రెండు భుజాల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు వేయాలి. రాకపోతే ఏడాది దాటిన పిల్లకు వెనక నుంచి బొడ్డు పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి అయిదుసార్లు నొక్కాలి. ఏడాదిలోపు పసిపిల్లకు పొట్ట నొక్కొద్దు, తల కిందికి ఉండేలా ముంజేతి మీద పెట్టుకుని వీపు మీద అయిదు, తర్వాత తిప్పి ఛాతీ మధ్యలో రెండు వేళ్లతోనో అరచేతి మడమతోనో అయిదు. ఇవి మార్చి మార్చి చేస్తుండాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, కాయలు వొలిచిన రోజు ఒక్కసారి పొలమారి సర్దుకున్న పిల్లకు తర్వాత దగ్గు, పిల్లికూతలు తగ్గకపోతే జలుబు మందు వేసి ఊరుకోవద్దు, గింజ సంగతి డాక్టర్‌కు చెప్పండి.

ప్రశ్న: మాది మగ్గం ఇల్లు. పక్కింటి పిల్లలకు రిమోట్ కార్లు, పెద్ద పెద్ద బొమ్మలు ఉన్నాయి. మా పాపకు ఏడాదిన్నర, నూలు చుట్టే ఖాళీ కండెలతో, గిన్నెలతో ఆడుకుంటుంది. కొనే స్తోమత లేదు. దాని తెలివికి ఏమైనా తక్కువవుతుందా? (గద్వాల)

జవాబు: తమ్ముడూ, నీకు జమైకా ముచ్చట చెప్తాను. 1986, 87లో అక్కడి కింగ్‌స్టన్ పేదవాడల్లో ఎదుగుదల తగ్గిన 129 మంది చిన్నపిల్లలను తీసుకున్నారు, తొమ్మిది నుంచి ఇరవైనాలుగు నెలల వాళ్లు. అందులో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్త వారానికి ఒకసారి, గంటసేపు, రెండేళ్లు పోయింది. పోయి చేసింది, తల్లికి పిల్లతో ఎట్లా ఆడాలో, ఎట్లా మాట్లాడాలో చూపించడం. బొమ్మలన్నీ ఇంట్లో పడేసే వస్తువులతో చేసినవే. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన, అలా ఆడించని పిల్లల కంటే దాదాపు 25 శాతం ఎక్కువ. రిమోట్ కారు బటన్ నొక్కితే కారే ఆడుతుంది, పిల్ల చూస్తుంది. కండె తనంతట తాను ఏమీ చేయదు, చేసేదంతా పాపే.

కండెలు ఇవ్వు, కానీ నూలు పూర్తిగా తీసి, కడిగి. రంగు అంటిన నూలు నోట్లో పెట్టుకోకూడదు, పోగు వేలికి గానీ మెడకు గానీ చుట్టుకుంటే ప్రమాదం. నోట్లో పూర్తిగా పట్టేంత చిన్నవి వద్దు, మగ్గంలో పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె, కొసకు ఇనుము ఉండేది, అసలే వద్దు. ఒకదాంట్లో ఒకటి పట్టే మూడు గిన్నెలు, పాత చీర ముక్కతో గుడ్డబంతి ఉంటే చాలు, ఇంకో ఏడాది పోయాక పాత క్యాలెండర్ అట్టను నాలుగు ముక్కలు చేసి బొమ్మ కలపమను. మగ్గం మీద ఉన్నప్పుడు ఎర్ర కండె ఇయ్యి అని అడుగుతుండు, తెచ్చిస్తుంది.

ప్రశ్న: మా నాలుగేళ్ల బాబు బొమ్మను ఒళ్లో వేసుకుని జోకొడతాడు, ఉత్త గిన్నెలో గంటె తిప్పుతూ వంట చేస్తాడు. ఆడపిల్లల ఆటలేంటని మా నాయన రోజూ తిడుతున్నాడు. మాన్పించాలా? (నల్లగొండ)

జవాబు: మీ వాడు ఇంట్లో చూసిందే ఆడుతున్నాడు. జోకొట్టేవాళ్లను చూశాడు, వండేవాళ్లను చూశాడు. రేపు ఆర్టీసీ బస్సెక్కించండి, ఎల్లుండి కండక్టర్ అవుతాడు. ఉత్త గిన్నెలో కూర ఉందనుకోవడం చిన్న విషయం కాదు, రేపు పలక మీద గీత చూసి అది 'అ' అనుకోవాలంటే ఈ అనుకోవడమే కావాలి. బొమ్మ నిద్రపోతోందని తను గట్టిగా అరవకుండా ఆపుకుంటాడు చూడండి, మీరు ఎంత గదిమినా రాని ఓపిక అది.

మీ నాయనతో వాదన పెట్టుకోకండి, పెద్దాయన, ఇప్పుడు మారమంటే మారడు. సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చున్నప్పుడు మనవడితో ఒక ఖాళీ కప్పు పంపించండి, తాతా చాయ్ అని. మొదటి రోజు కప్పు పక్కన పెడతాడు. రెండో రోజో మూడో రోజో చక్కెర తక్కువైందిరా అంటాడు, వాడు కప్పు పట్టుకుని మళ్లీ లోపలికి ఉరుకుతాడు.